చికిటి ఎండలో పదమూడు రోజులు

మొన్న మాఘమాసం చివర్లో చికిటి నుంచి మా వదిన ఫోన్ చేసింది. "బాబూ, మీ అబ్బాయి ఈ ఏడు దండకి కూచుంటానంటన్నాడు. నాను సెప్తే ఇనడం లేదు. నువ్వొచ్చి ఒక మాట సెప్పు" అంది. అంతే. మా వదిన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ ఒక్క మాట వెనక ఏముందో నాకు తెలుసు కాబట్టి నేనూ ఎక్కువ అడగలేదు. వస్తానన్నాను.

దండ అంటే దండనాట. గంజాం నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, ఈ లైన్లలోనే పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెలియదు. చైత్రమాసంలో, మేష సంక్రాంతికి ముందు పదమూడు రోజులు (కొన్ని ఊళ్ళలో ఇరవై ఒకటి) మొక్కుకున్న మగవాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి, ఒక జట్టుగా ఊరూరూ తిరుగుతారు. వాళ్ళని భోక్తలంటారు. శివుడికీ కాళికీ మొక్కు. రోజుకి ఒక్కపూటే తిండి. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న మట్టిలో పడి దున్నడం, నాటడం, కోయడం అభినయిస్తారు, అది ధూళిదండ. తర్వాత చెరువులో దిగి చేసేది పాణిదండ. రాత్రి తెల్లవార్లూ ఆటా పాటా. సంక్రాంతి రోజున మేరువుతో ముగింపు.

అంటే ఏడాది మొత్తంలో ఎండ ముదిరే రోజులు చూసి, మనిషి తనంతట తాను వెళ్ళి ఆ ఎండలో పడుకోవడం అన్నమాట. మా వదిన భర్త, మా అన్నయ్య, ఎండకే పోయాడు. ఇప్పుడు కొడుకు ఎండలోకి వెళ్తానంటున్నాడు. ఇదీ సంగతి.

హౌరాలో రాత్రి రైలెక్కి కూచుంటే బరంపురం ఆరు వందల కిలోమీటర్లు. పొద్దున్న కళ్ళు తెరిచేసరికి ఎడం పక్కన చిలికా తళతళలాడుతూ కనబడుతుంది. బరంపురంలో దిగి, స్టేషను బయట ఇడ్లీ తిని, చికిటి బస్సెక్కాను. బరంపురం మనవాళ్ళకి పరాయి ఊరేం కాదు. రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు 1894లో అక్కడే పుట్టారు. రైలు కార్మికుల సంఘాలు నడిపిన మనిషి కాబట్టి మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఆయన ఫొటో ఒకటి మా లైను గదిలో ఉండేది. పట్టు నేసేవాళ్ళ వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది.

బస్సు ముప్ఫై కిలోమీటర్ల లోపే, కానీ గంట పడుతుంది. చికిటి పాత జమీందారీ ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ రోజు గీసిన గీతకి ఇచ్ఛాపురం అటు పక్కన, చికిటి ఇటు పక్కన పడ్డాయి. మా ఇంట్లో ఆడపడుచులు సగం మంది గీతకి అవతల ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పని కోసం వెళ్ళిన చోట బెంగాలీయో గుజరాతీయో. గంజాం మనిషికి నాలుక ఒకటే అయినా భాషలు నాలుగు.

మా వీధి చూసినవాళ్ళకి ఒక సంగతి తెలుస్తుంది. ఇళ్ళన్నీ ఒకదానికొకటి అంటుకుని, వీధి పొడుగునా రెండు వరసలుగా ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒకటే. ముందు అరుగు, లోపలికి పోతే చీకటి గది, దాని వెనక ఇంకో చీకటి గది, ఆఖరున పెరడు. చిన్నప్పుడు నాకు ఆ చీకటి నచ్చేది కాదు. మిల్లులో చేరాక అర్థమైంది. పక్కగోడలకి ఎండ తగలదు. పైన మందంగా గడ్డి, చుట్టూ మూరెడు మందం మట్టి గోడ. వైశాఖంలో కూడా రెండో గదిలోకి వెళ్తే నూతిలో దిగినట్టుండేది.

ఇప్పుడు వీధిలో గడ్డి ఇల్లు వెతుక్కోవాలి. మిల్లు డబ్బు, సూరత్ డబ్బు వచ్చినకొద్దీ ముందు రేకులు, తర్వాత స్లాబు. నేనే మా ఇంటి మీద రేకులు వేయించాను. ఎంత గొప్పగా చెప్పుకున్నానో! తుఫానుకి గడ్డి ఎగిరిపోద్ది, నిప్పు భయం, ఏటేటా కప్పించాలి, నిజమే. కానీ రేకు పగలు నిప్పుల పెనం. స్లాబు ఇంకో రకం. పగలంతా ఎండని తాగి దాచుకుని, మనం పడుకునే వేళకి కక్కుతుంది. రాత్రి రెండింటికి కూడా గోడకి చెయ్యి ఆనించలేం. పక్కింటి మామ్మ స్లాబు ఇల్లు కట్టుకుని వేసంకాలం వస్తే అరుగు మీదే పడుకుంటోంది. దానికి తోడు 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఊరి చెట్లు చాలా పడిపోయాయి. చెరువు గట్టు మీది మర్రి పోయింది, మా పెరట్లో మామిడి పోయింది. కప్పు బాగు చేసుకోవడానికి డబ్బులిచ్చారు. నీడకి ఎవరిస్తారు?

ఆ రేకుల మీదే మా అన్నయ్య ఎండదెబ్బ తిన్నాడు.

2015 సంగతి. ఆ ఏడు ఫిబ్రవరిలో అన్నయ్య పనిచేసే మిల్లు మూత పడింది. మూడు నెలలు లైను గదిలో కూచున్నాడు. మంచం మీద పేపరు, సాయంత్రం గంగ ఒడ్డున నలుగురితో కబుర్లు. స్పిన్నింగ్ ఖాతాలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన మనిషి. షెడ్డులో వేడి మనకి తెలిసిందే కదా. మిషన్ల వేడి, పైన రేకులు, నార తెగకుండా గాలిలో పెట్టే తేమ. బయటివాడు లోపలికొస్తే పది నిమిషాల్లో చొక్కా పిండుకోవాలి. మే నెల ఆఖర్లో, రోహిణి కార్తె మొదలయ్యాక, ఇద్దరం కలిసి ఊరెళ్ళాం. వానలు పడకముందు రేకులు సర్దాలని. రైల్లో సీటు దొరకలేదు, రాత్రంతా తలుపు దగ్గర కూచునే ఉన్నాం. మర్నాడు పొద్దున్న పదింటికి అన్నయ్య కప్పెక్కాడు. వదిన వద్దంది. "మన వొళ్ళు మిల్లులో కాలిన వొళ్ళే, ఈ ఎండ మనకేటి సేస్తాది" అన్నాడు. నేనూ నవ్వాను. నాకూ అదే నమ్మకం.

రెండింటికి దిగాడు. తలనొప్పి అన్నాడు. అన్నం వద్దన్నాడు. ఊరికే కసురుకున్నాడు, ఎప్పుడూ కసిరే మనిషి కాదు. పన్నెండేళ్ళ కొడుకుని పట్టుకుని మా నాన్న పేరుతో పిలిచాడు. వాడు నవ్వాడు, మేమూ నవ్వేం. అలసిపోయాడు, రాత్రి నిద్ర లేదు, పడుకోనివ్వండి అని నేనే చెప్పి లోపలి గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేశాను. ఆ గది మీద కూడా రేకులే. నాలుగింటికి వదిన వెళ్ళి చూస్తే ఒళ్ళు పెనంలా ఉంది, పిలిస్తే పలకడం లేదు. నోట్లో నీళ్ళు పోశాను. అదీ తప్పేనట, తెలివిలో లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బండి దొరికి ఆస్పత్రికి చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రే పోయాడు. ఆ మే నెలలోనే ఆంధ్రాలో, తెలంగాణలో కలిపి రెండు వేల మందికి పైగా వడగాడ్పులకి పోయారని పేపర్లు రాశాయి. ఆ లెక్కలో మా అన్నయ్య లేడు. గీతకి ఇటు పక్కన పోయాడు కదా.

తర్వాత బరంపురంలో ఒక డాక్టరు బాబుని అడిగాను. అన్ని డిగ్రీల షెడ్డులో ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన మనిషి ఒక్క పూట ఎండకి ఎలా పోయాడని. ఆయన విసుక్కోకుండా కూచోబెట్టి చెప్పాడు. అది మీ అందరికీ చెప్పాలనే ఈ వ్యాసం మొదలెట్టాను.

వేడిని తట్టుకోవడం ఒంటికి పుట్టుకతో వచ్చే బలం కాదట, అలవాటు. రోజూ వేడిలో పనిచేస్తుంటే వారం నుంచి రెండు వారాల్లో ఒళ్ళు మారుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. ఈ మాట వినగానే నాకు మిల్లులో చూసింది గుర్తొచ్చింది. కొత్తగా చేరిన కుర్రాళ్ళ చొక్కాల మీద మొదటి వారం తెల్లటి ఉప్పు చారలు కడతాయి. నెల తిరిగేసరికి అంతగా కనబడవు. మనం "కుదురుకున్నాడు" అంటాం. అదే సంగతి. అయితే ఈ అలవాటు బ్యాంకులో వేసిన డబ్బు కాదు. పని మానేసిన వారం నుంచే తరుగుతూ, నెల తిరిగేసరికి దాదాపు పోతుంది. మూడు నెలలు ఇంట్లో కూచున్న అన్నయ్య ఒళ్ళు ఆ రోజు కొత్త కుర్రాడి ఒళ్ళే. ఇరవై ఎనిమిదేళ్ళూ మనసులో ఉన్నాయి గానీ ఒంట్లో లేవు. దానికి తోడు నిద్ర లేదు, రైల్లో నీళ్ళు సరిగ్గా తాగలేదు. బీపీకి వేసుకునే మాత్రల్లో ఒకటి ఒంట్లో నీళ్ళని బయటికి పంపే రకం.

రెండోది చెమట సంగతి. చెమట పడితే చల్లబడతాం అనుకుంటాం. చెమట పడితే కాదు, ఆరితే. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆరిందంటే 580 కేలరీల వేడిని, అంటే డాక్టర్లు లెక్కపెట్టే పెద్ద కేలరీలు, పట్టుకుపోతుంది. కింద కారిపోయిన చెమట వల్ల నీళ్ళూ ఉప్పూ నష్టం తప్ప చల్లదనం ఏమీ రాదు. అందుకే టిట్లాగఢ్ లాంటి పొడి ఊళ్ళో 45 డిగ్రీల్లో తిరిగే మనిషి, గోపాల్‌పూర్ ఒడ్డున 37కే ఉక్కిరిబిక్కిరవుతాడు. వాతావరణ శాఖ వాళ్ళు కూడా వడగాడ్పు అని చెప్పడానికి మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు చూస్తే, సముద్రతీరంలో 37కే చూస్తారు, అది మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే. చికిటి సముద్రానికి మరీ దూరం కాదు. పడమట కొండలు, తూర్పున సముద్రం. పొద్దున్నంతా గాలి స్తంభించి ఉక్కపోత, సాయంత్రం సముద్రపు గాలి వచ్చేదాకా ప్రాణం లేచి రాదు. మన మిల్లు షెడ్డు కూడా ఆ జాతిదే. తేమ కావాలి నారకి. మనిషికి కాదు.

మిల్లు మాట వచ్చింది కాబట్టి ఒకటి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 18వ సెక్షను ఉండేది. 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో వేసంకాలం చల్లటి తాగునీళ్ళు ఇవ్వాలని అందులో ఉండేది. అడగండి. అడగడానికి సిగ్గుపడేది మగవాళ్ళే. ఇంకో మాట అక్కలకీ వదినలకీ. పగలు బయటికి వెళ్ళడానికి చోటు లేదని నీళ్ళు తాగడం మానేస్తారు మీరు. పొయ్యి దగ్గర మీకు తగిలే వేడి షెడ్డుకి తక్కువేం కాదు.

సరే, మా అబ్బాయి దగ్గరకి వస్తాను. వాడికిప్పుడు ఇరవై రెండు. గంజాం కుర్రాళ్ళందరిలాగే సూరత్ వెళ్ళాడు. రెండేళ్ళు మగ్గాల షెడ్డులో పన్నెండేసి గంటలు చేశాడు. ఇప్పుడు బట్టల మార్కెట్లో ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు, ఏసీ గది. "నాన్న పోయిన ఏడే నాయనమ్మ మొక్కుకుంది చిన్నాన్నా, నేను పెద్దయ్యాక దండకి కూచుంటానని. నాయనమ్మ పోయింది. మొక్కు ఉండిపోయింది" అన్నాడు. నేనేం మాట్లాడను? మా అమ్మ మొక్కు. పైగా వాడి మొహంలో ఇంకేదో కూడా కనబడింది. తండ్రిని తీసుకుపోయిన ఎండని ఎదురుగా నిలబడి చూడాలని. అది నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

వాణ్ణి తీసుకుని జట్టు పెద్ద, పాటభోక్త, దగ్గరకి వెళ్ళాను. డెబ్భై దాటిన ముసలాయన. ఎముకల మీద తోలు. తాతా, వీడికి ఎండ అలవాటు లేదు, వీళ్ళ నాన్న సంగతి మీకు తెలుసు అన్నాను. ఆయన వాణ్ణి కింది నుంచి పైదాకా చూసి, ఒడియా కలిపిన తెలుగులో అన్నాడు: "నీడలో పెరిగిన నారుని ఒక్కపాలి ఎండలో నాటితే ఏటవుతాది? ఇంకా నెల ఉంది కదా. రేపట్నించి మా పొలంలోకి రా. మొదటి రోజు గంట. మర్నాడు ఇంకొంచెం." వాడు సూరత్‌కి ఫోన్ చేసి సెలవు పెంచుకున్నాడు. జీతం పోయింది. పోనీ అన్నాడు.

డాక్టరు బాబు చెప్పిన రెండు వారాల మాటా, ఈ తాత చెప్పిన నారు మాటా ఒకటే. పూర్వులకి అన్నీ తెలుసని నేను అనడం లేదు. పూర్వులు ఎండకి పోయారు, చలికి పోయారు, వాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. కానీ ఏటేటా ఎండలో దిగే పని పెట్టుకున్నవాళ్ళకి కొన్ని తెలుస్తాయి.

నేను మిల్లుకి వెళ్ళి మళ్ళీ ఏప్రిల్ మొదట్లో వచ్చాను. మొదటి నాలుగు రోజులు వదిన ఇంట్లోంచి కదల్లేదు. అయిదో రోజు జట్టు పక్క ఊళ్ళో ఉందని తెలిసి, "పద బాబూ" అంది. రాత్రి నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తిని బయల్దేరాం. చద్దన్నం గురించి ఎంతైనా రాయొచ్చు. ఒడియావాళ్ళు పఖాళ అంటారు, మార్చి 20న దానికి ఒక పండగ రోజే పెట్టుకున్నారు. మన శ్రీకాకుళం వైపు తరవాణి. నీళ్ళూ, ఉప్పూ, పులుపూ, అన్నమూ ఒకే ముంతలో. పొలానికి పోయేవాడికి ఇంకేం కావాలి. మన లైన్లో పిల్లలు అది పేదవాళ్ళ తిండని మొహం తిప్పుకుంటారు, సీసాలో రంగునీళ్ళు మాత్రం తాగుతారు.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. జట్టుని పిలిచిన ఇంటి ముందు మైదానంలో నీడ అన్నది లేదు. ఢోలు, మహురి మోగుతున్నాయి. నేను చెప్పుల్తో నిలబడినా అరికాలు చురుక్కుమంటోంది. పాతిక మంది భోక్తలు గోచీలు బిగించి ఆ మట్టిలో పడుకున్నారు. ఇద్దరు ఎడ్లయ్యారు, ఒకడు నాగలయ్యాడు, ఒకడు దున్నేవాడయ్యాడు. మట్టి లేచి మేఘంలా కమ్మింది. అందులో మావాడు ఎక్కడున్నాడో నాకు కనబడలేదు. వదినకి కనబడింది. కొంగు నోట్లో పెట్టుకుని కదలకుండా చూసింది.

నలభై నిమిషాలు పట్టిందేమో. అయ్యాక తాత ఒక్కొక్కడి ముందూ నిలబడి ఏదో అడుగుతున్నాడు. వాళ్ళు జవాబు చెప్పి చెరువు వైపు నడుస్తున్నారు. దగ్గరికి వెళ్ళి విన్నాను. "నీ పేరేటి? మీ ఊరేటి? నిన్న ఏ ఊళ్ళో ఉన్నాం?" ఇంతే. మావాడు మూడూ చెప్పాడు. వాడి వెనకున్న ఒక కుర్రాడు, పద్దెనిమిదేళ్ళుంటాయి, పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. నిన్న ఏ ఊళ్ళో ఉన్నామంటే ఊరికే చూశాడు. మళ్ళీ అడిగితే తాత మీద కసురుకున్నాడు.

తాత ఇంకో మాట అనలేదు. ఇద్దరికి సైగ చేశాడు. వాళ్ళు ఆ కుర్రాణ్ణి రెక్కలు పట్టుకుని పరుగులాంటి నడకతో తీసుకెళ్ళి మెడలోతు నీళ్ళలో నిలబెట్టి, చెరో పక్కా పట్టుకున్నారు. మూడోవాడు తల మీద దోసిళ్ళతో పోస్తున్నాడు. మిగతా పాణిదండ పక్కన నడుస్తూనే ఉంది. కాసేపటికి ఆ కుర్రాడు నిన్నటి ఊరి పేరు తనంతట తానే చెప్పాడు. చెప్పి ఏడ్చాడు, మొక్కు చెడిపోయిందని. తాత గట్టు మీంచే అన్నాడు, "ఏటీ సెడిపోలేదు. నీళ్ళలో నిలబడ్డం కూడా దండే."

తర్వాత వాణ్ణి నీడలో కూచోబెట్టారు. దండ నియమం పక్కన పెట్టి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించారు. ఎవరో బండి తెచ్చి దగ్గర్లో ఉన్న డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్ళారు.

వడదెబ్బ తగిలినవాళ్ళని ముందు చల్లబరచు, తర్వాత మోసుకుపో అని ఇప్పుడు డాక్టర్లు చెబుతారు. నీళ్ళలో ముంచడం అన్నింటికంటే త్వరగా పనిచేస్తుందంటారు. ఒళ్ళు 40 డిగ్రీలు దాటి, మాట తడబడితే, మనిషి తికమకపడితే, అది అలసట కాదు. అప్పటికింకా చెమట పడుతున్నా సరే. నేను ఆ గట్టు మీద నిలబడి లెక్కపెట్టుకున్నాను. మా ఇంటి నుంచి చెరువు నూరు అడుగులు కూడా ఉండదు. రెండింటికి అన్నయ్య కొడుకుని నాన్న పేరుతో పిలిచాడు. నాలుగింటికి వదిన తలుపు తీసింది. వదిన నా పక్కనే ఉంది. నా వైపు చూడలేదు. చాలాసేపటికి, "మనకి తెల్దు బాబూ" అంది.

తాతని తర్వాత అడిగాను, ఈ ప్రశ్నలు మీకెవరు నేర్పారని. 1998లో నేర్చుకున్నానన్నాడు. ఆ ఏడు ఒడిశాలో ఎండలకి రెండు వేల మందికి పైగా పోయారు, సర్కారు లెక్కే 2,042. తాతకి తెలిసినవాడు ఒకడు ఆ వేసంకాలం తిక్కతిక్కగా మాట్లాడుతుంటే తాగాడనుకున్నారట. ఆ ఏడు తర్వాతే ఒడిశా ప్రభుత్వం ఎండని కూడా తుఫానులాగే విపత్తుగా చూడ్డం మొదలెట్టింది. ఎండలు ముదిరితే బడులు పొద్దుటి పూటకి మారుస్తారు, మధ్యాహ్నం పూట కూలిపనులు ఆపమంటారు, దారుల్లో జలఛత్రాలు పెడతారు, మన చలివేంద్రాలే. బస్టాండు దగ్గర కుండల్లో నీళ్ళు నేనూ తాగాను. కుండ కూడా చెమటతోనే చల్లబడుతుంది, చూడండి. మట్టిలోంచి ఊరి, బయట ఆరి. వానాకాలం కుండనీళ్ళు అంత చల్లగా ఉండవు, అదే కారణం.

చలి గురించి కూడా రాయమని మన పత్రిక తమ్ముడు అన్నాడు. చికిటిలో చలి పెద్దగా ఉండదు, పుష్యమాసంలో ఒక దుప్పటి చాలు. కానీ బరంపురం నుంచి వంద కిలోమీటర్లు పైన వెళ్తే దారింగ్‌బాడి ఉంది, కొంధమాల్ కొండల మీద, మూడు వేల అడుగుల ఎత్తు. ఒడిశా కాశ్మీరు అంటారు. కొన్నేళ్ళ కిందట జనవరిలో బంధువులతో వెళ్ళాను. తెల్లారి గడ్డి మీద మంచు పొడిలా పేరుకుని ఉంది. మేం దొరికిన గుడ్డలన్నీ చుట్టుకుని పళ్ళు టకటకలాడిస్తుంటే, అక్కడి కొంధు ముసలమ్మ ఒకామె పల్చటి దుప్పటితో నిప్పు దగ్గర కూచుని మమ్మల్ని చూసి నవ్వింది. ఆమెని చికిటి ధూళిదండ దగ్గర నిలబెడితే మనం నవ్వొచ్చు. కానీ డాక్టరు బాబు మాట ప్రకారం చలికి ఒళ్ళు అలవాటు పడడం వేడికి పడినంతగా ఉండదట. చర్మంలో రక్తం లోపలికి తగ్గుతుంది, వణుకు పుడుతుంది, అంతకంటే ఒళ్ళు చేసేది తక్కువ. చలిని మనిషి గెలిచింది గుడ్డతో, నిప్పుతో, గోడతో.

నిప్పు అన్నాను కాబట్టి మన లైన్ల సంగతి చెప్పాలి. పౌషమాసంలో గంగ మీంచి గాలి కొడితే బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపూ కిటికీ మూసి పడుకుంటారు. ఆ బొగ్గులోంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, దగ్గు రాదు. నిద్రలోనే పోతారు. పడుకునే ముందు కుంపటి బయట పెట్టండి. పెట్టలేకపోతే చలికే వణకండి.

సంక్రాంతి రోజు ఏప్రిల్ 14. పొద్దున్నే వదిన మారేడు పండ్లు కొట్టి గుజ్జు తీసి, బెల్లం, మిరియాలు, కొబ్బరి కోరు వేసి పానకం కలిపింది. ఒడియావాళ్ళు పణా అంటారు, ఆ సంక్రాంతి పేరే పణా సంక్రాంతి. తులసి కోట పైన చిన్న కుండ వేలాడదీసి, అడుగున సన్నటి చిల్లు పెట్టి, నీళ్ళు చుక్కచుక్కగా పడేలా చేసింది. మనుషులకే కాదు, మొక్కకి కూడా వేసంకాలం మొదలైనట్టు.

మేరువు దగ్గర నిప్పుల పని నేను చూడలేదు, ఆ గుంపులో దూరలేకపోయాను. రాత్రి పొద్దుపోయాక మావాడు ఇంటికొచ్చాడు. నల్లగా కమిలిపోయాడు, నాలుగైదు కేజీలు తగ్గి ఉంటాడు, అరికాళ్ళు పొరలు పొరలుగా లేచిపోయాయి. గుమ్మం దగ్గర వదిన పానకం గ్లాసు పట్టుకుని నిలబడింది. వాడు చెయ్యి చాపాడు. ఇవ్వలేదు.

"నీ పేరేటి?" అంది.

వాడు నవ్వి చెప్పాడు.

"మీ ఊరేటి?"

"చికిటి."

"మీ నాన్న పేరేటి?"

చెప్పాడు. వదిన గ్లాసు వాడి చేతిలో పెట్టింది. రెండో గ్లాసు నాకు తెచ్చింది.

మర్నాడు నేను బరంపురంలో రైలెక్కాను. వాడు ఇంకో వారం ఉండి సూరత్ వెళ్ళాడు. వెళ్ళేముందు తాత పొలంలో ఇద్దరు కూలీలని పెట్టి, మా లోపలి గది రేకుల మీద అడుగు మందం గడ్డి కప్పించాడట. రేకుల మీద గడ్డేంటని వీధిలో నవ్వుతున్నారని వదిన ఫోన్లో చెప్పింది.